చెంచా ఒకటి, దిబ్బ మీద

"చెంచా అంటే ఎవడు?" అన్నాడు అధికారి.

బల్ల మీద నోట్‌బుక్ తెరిచి ఉంది. పెన్సిల్ రాత. '5.50. చెంచా వచ్చింది. ఒకటే. నది మధ్య దిబ్బ మీద. ఇప్పుడే ఎవరికీ చెప్పకూడదు.'

"పిట్టండీ," అన్నాడు వాచీ మెకానిక్. "చెంచామూతి ఉల్లంకి. ముక్కు కొస చెంచాలా ఉంటుంది."

"నేనూ చాలామంది చెంచాల్ని చూశాను. అందరి ముక్కులూ మామూలుగానే ఉన్నాయి. ఎవడి తొత్తు వాడు? అవతలి ఒడ్డు నుంచి ఎందుకొచ్చాడు?"

"వాడు కాదండీ, అది."

"నోర్ముయ్."

సరిహద్దు చౌకీలో అది కాగితాల గది. రెండు ఇనప బీరువాలు, మూడు కుర్చీలు. కిటికీలోంచి నది కనిపిస్తుంది. సగం నది ఇటువాళ్లది, సగం అటువాళ్లది. మధ్యలో ఉన్న దిబ్బ ఎవరిదో ఇంకా తేలలేదు. పొద్దున ఆరున్నరకి ఆ దిబ్బకి ఎదురుగా, తుప్పల్లో బోర్లా పడుకుని, బైనాక్యులర్స్‌తో దొరికాడు మెకానిక్.

పన్నెండింటికి జీపు పట్నం వెళుతుంది. గూఢచారి కేసు కింద అందులో ఎక్కాలా, నడుచుకుంటూ ఇంటికి పోవాలా? అది ఒక్క ప్రశ్న మీద ఆగి ఉంది. ఆ పిట్ట ఈ నది మీదికి వస్తుందా, రాదా?

జవాబు చెప్పగలవాడు ఊళ్లో ఒక్కడే. కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్. ఈ తీరం పక్షుల జాబితా ఇరవై రెండేళ్లుగా అతని దగ్గరే ఉంది. ఏటా వసంతంలో వలస పక్షులు దిగినప్పుడు ఎవరేం చూశామన్నా, అతను ఒప్పుకుంటేనే చూసినట్టు. కొత్త పక్షి అయితే, మొదట చూసిన మనిషి పేరు దాని పక్కన చేరుతుంది. ఒక్క పేరే.

అధికారి కబురు పెట్టాడు. పదకొండింటికి లెక్చరర్ వచ్చాడు.

"వచ్చాడండీ, నా పాలిట శని," అన్నాడు మెకానిక్.

"బావగారికి నమస్కారం," అన్నాడు లెక్చరర్. "ఈసారి ఏం చూశారు? రెండు తలల కొంగా?"

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ చుట్టాలా?"

"మా అక్క ఖర్మ కొద్దీ."

"అయితే మీ మాట ఎలా నమ్మను?"

"ఈయన ఇప్పటికి పదకొండుసార్లు ఏవేవో చూశానన్నాడు. పదకొండుసార్లూ కొట్టేశాను. చుట్టరికానికి కరిగేవాణ్ణయితే ఈపాటికి ఈ నదిలో నెమళ్లు కూడా ఈదుతుండేవి."

"కరగడానికి అక్కడ గుండె ఉంటేగా," అన్నాడు మెకానిక్. "ఇరవై రెండేళ్ల జాబితా సార్! వీడి పేరు ఒక్కచోట ఉందేమో చూడండి. వీడి కళ్లజోడుకి కాకులు తప్ప ఏమీ తగలవు. అదీ వీడి మంట."

లెక్చరర్ ఆ మాట విననట్టు కూర్చున్నాడు. కానీ మెడ మీద నరం ఒకటి వింది.

"కాళ్ల రంగు?" అన్నాడు.

"నలుపు."

"గొంతు?"

"ఇటుక రంగు. జత కట్టే కాలం కదా."

"ఎలా మేసింది?"

"ముక్కు బురదనీళ్లలో పెట్టి, అటూ ఇటూ ఊడ్చుకుంటూ పోయింది. మా ఆవిడ గది ఊడ్చినట్టు. మధ్యలో ఒక్కసారి తలెత్తి చూసింది. నన్నే చూసిందనుకున్నా."

"పుస్తకంలో ఉన్నదంతా బాగా అప్పజెప్పారు బావగారూ."

"చూసి చెప్తున్నాన్రా!"

బయట జీపు స్టార్టయి, ఆగి, మళ్లీ స్టార్టయింది. డ్రైవరు ఇంజను చూసుకుంటున్నాడు. ఆ చప్పుడుకి మెకానిక్ కుర్చీ అంచుకి వచ్చాడు. మొదటిసారి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్. నీ జాబితాలో నా పేరు రాయొద్దు. నాకొద్దు. నీ పేరే వేసుకో. ఆ పిట్ట ఇటు రాగలదని చెప్పు, చాలు. మీ అక్క మొహం చూసి చెప్పు."

పగవాడు తిడితే తట్టుకోవచ్చు. వాడే చేయి చాపి, ఇదిగో నీకు కావలసింది తీసుకో అంటే, ఇన్నాళ్లూ అదే కావాలనుకున్నట్టు అందరికీ తెలిసిపోతుంది.

"నీ దానం నాకక్కర్లేదు," అన్నాడు లెక్చరర్. 'గారు' ఎప్పుడు పోయిందో అతనికే తెలియలేదు.

"వస్తుందా, రాదా?" అన్నాడు అధికారి.

నిజం చెప్పేటప్పుడు తన గొంతు ఎలా ఉంటుందో లెక్చరర్‌కి బాగా తెలుసు. ఆ గొంతుతోనే చెప్పాడు.

"రాదు."

కాగితం మీద కూడా అదే రాసి, సంతకం పెట్టాడు. మెకానిక్ ఇంక తిట్టలేదు. జీపు ఎక్కుతూ, అలవాటు కొద్దీ ఒకసారి నది వైపు చూశాడు. అంతే.

గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. జీపు రేపిన దుమ్ము ఇంకా ఆమె జుట్టు మీద ఉంది.

"ఒక్క అబద్ధం రా," అంది. "వస్తుందని ఒక్క అబద్ధం ఆడితే నీ నోరు పడిపోయేదా?"

"నాకు అబద్ధాలు చేతకావక్కా."

"తెలుసు. చిన్నప్పట్నుంచీ అంతే. నాన్న తన్నినా ఆడేవాడివి కాదు." జుట్టు మీది దుమ్ము దులుపుకుంది. "నీ నిజాయితీ మండిపోనూ! దాన్ని కావలించుకుని పడుకో."

ఆమె వెళ్లిపోయింది. లెక్చరర్ గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

ఆ ఉదయం ఆరు గంటలకి, పాత వంతెన మీద నుంచి, బావ కంటే సరిగ్గా పది నిమిషాల తర్వాత, ఆ చెంచామూతిని అతనూ చూశాడు.