ఎంగిలి కత్తి

"ఆ చాకు ఆడ బెట్టి లోపలికి రా నాయనా. లేదంటే వచ్చిన దోవనే పో."

తోట తడికకు అడ్డంగా నిలబడి సుబ్బలక్ష్మమ్మ అన్న ఆ మాటకు వరదరాజులుకు ఒళ్ళు మండిపోయింది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా నిమ్మతోటలు తనిఖీ చేసే వ్యవసాయశాఖ ఉద్యోగి అతను. గజ్జి తెగులు కనిపిస్తే తోట తోటంతా నరికించి తగలబెట్టించాలి. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ ఇలాంటి ఉత్తర్వులు మహా తొందరగా వస్తున్నాయి. పొద్దున్నే ఆరో తోటను పరీక్ష చేసి, నరికించి, అటునుంచి అటే ఇక్కడికి వచ్చాడు.

రెండు నెలల కింద మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఈమె ఇలాగే తిప్పి పంపింది. ఈసారి అతను ఊరికే రాలేదు. చేతిలో అచ్చు కాగితం ఉంది. భుజాన సంచీలో భూతద్దం, నోటుపుస్తకం, ఆఫీసువాళ్ళిచ్చిన మందు సీసా ఉన్నాయి. వెనక గొడ్డళ్ళు పట్టుకుని కూలీలు ఏలీయా, బాలస్వామి ఉన్నారు.

"సర్కారు పనికి అడ్డమొస్తే ఏమవుతుందో తెల్సా అమ్మా?"

"నేనేమన్నా చూడొద్దంటినా? చెట్టు చెట్టుకూ చూసుకో. ఆ చాకు మాత్రం లోపలికి రాగూడదు. మా అత్త కాలం నుంచి ఇదే పద్ధతి. అహోబిలం స్వామి పానకానికి పొయ్యే కాయలప్పా ఇవి. ఊళ్ళో తోటలన్నీ కోసొచ్చిన కత్తి ఎంగిలి కత్తి." ఆమె నడుములోంచి చిన్న కొడవలి తీసి చాపింది. "ఇదో, ఇది ఈ తోట కొడవలి. తడిక దాటి బయటికి పోదు. కావాలంటే దీంతో కోసుకో."

"కత్తికి కూడా ఎంగిలా!" అని వరదరాజులు పకపకా నవ్వి, ఏలీయా వైపు చూశాడు. ఏలీయా నవ్వలేదు. ఆరు తోటలు నరికిన మనిషికి నవ్వెక్కడి నుంచి వస్తుంది?

వరదరాజులుకు రోషం వచ్చింది. "ఆ మొద్దు కొడవలితో బెరడు సన్నగా గీసేదానికి అయితాదా? ఇది సర్కారిచ్చిన చాకు. తప్పుకో."

"తప్పుకోకుంటే?"

"చూడనియ్యకుంటే తెగులున్నట్టే లెక్క. ఇప్పుడే గొడ్డలి ఏపిస్తా. నీ ఇష్టం."

బాట అవతలి తోటను పోయిన వారమే కాల్చారు. ఆ బూడిద సన్న తుంపరకు తడిసి, కంపు ఇంకా ముక్కుకు తగులుతూనే ఉంది. సుబ్బలక్ష్మమ్మ అటు ఒకసారి చూసింది, తన ఎనభై చెట్ల వైపు ఒకసారి చూసింది. మొగుడు పోయాక ఆమెకూ ఇద్దరు కూతుళ్ళకూ కూడు పెడుతున్నవి అవే. కొడవలి నడుములో దోపుకుని తడిక పక్కకు లాగింది.

"స్వామీ, నా తప్పు గాదు" అని గొణుక్కుంది.

వరదరాజులు చెట్టు తర్వాత చెట్టు పట్టాడు. కొమ్మ వంచి చాకుతో బెరడు గీస్తున్నాడు, ఆకు కోసి భూతద్దం కింద పెడుతున్నాడు. చాకు పడ్డ ప్రతిసారీ సుబ్బలక్ష్మమ్మ తన ఒంటి మీద పడ్డట్టు ఉలిక్కిపడుతోంది.

"ఏమన్నా కనపడ్తాండాదా సారూ?"

"మాట్లాడొద్దు."

పది చెట్లయ్యాయి. ఇరవై. నలభై. పొద్దున ఆరో తోటలో కొమ్మకొమ్మకూ కనిపించిన ఆ గరుకు మచ్చ, దాని చుట్టూ పసుపు అంచు, ఇక్కడ మాత్రం దొరక్కపోతాయా అని పంతం పట్టి వెతికాడు. చివరి చెట్టు దగ్గరికి వచ్చేసరికి తుంపరకు చొక్కా తడిసిపోయింది. చాకు పిడి దాకా పసరు పట్టింది. మచ్చ మాత్రం ఒక్కటీ లేదు.

అతనికి పిచ్చెక్కినట్టయింది. బాటకు అటు తోటంతా గజ్జి పట్టిపోతే, ఇటు ఇంత శుభ్రమా!

"ఏం మందు కొట్టినావమ్మా?"

"మందా? మైలుతుత్తం కొనే తాహతు నాకు యాడిది నాయనా? చెప్తానే ఉండా గదా, బయటి కత్తిని రానీలేదు. అంతే."

"అయితే ఇంగ నరికే పని లేదు గదా సార్?" అని తడిక దగ్గర నుంచి ఏలీయా అరిచాడు. ఆ గొంతులో సంతోషం దాగలేదు.

"లేదులే" అంటూ వరదరాజులు నోటుపుస్తకం తీశాడు. 'తెగులు లేదు' అని రాయబోతూ, మామూలుగా పై వరసల మీదికి చూపు పోనిచ్చాడు.

మొదటి తనిఖీ. నంద్యాల పక్కన మొదటి తోటలో గజ్జి. ఆ తర్వాత అదే వారంలో, అదే చాకుతో చూసిన ఐదు తోటలూ బాగున్నాయి. రెండో తనిఖీ. ఆ ఐదింటిలోనూ గజ్జి, ఒక్కటి కూడా తప్పకుండా. ఆ వారం అతని చాకు పడని తోట ఇదొక్కటే.

వరదరాజులు చెయ్యి దానంతటదే సంచీలోకి పోయింది. ఒక్కో చెట్టుకూ చాకు ముంచి తుడవమని ఆఫీసువాళ్ళిచ్చిన సీసా చేతికి తగిలింది. దాని మూత మీది లక్క ఇంకా ఊడలేదు.

సుబ్బలక్ష్మమ్మ ముఖంలోకి అప్పటికి గాని నెత్తురు రాలేదు. కొంగుతో చెమట తుడుచుకుని, మంచి కాయ ఒకటి చూసి తన కొడవలితో కోసి, అధికారికి మర్యాదగా అతని చేతిలో పెట్టింది.

"రాసుకో నాయనా, మా తోటలో తెగులు లేదని."

వరదరాజులు పసరు కారుతున్న చాకు వైపు చూశాడు.

"ఇందాకటి దాకా లేదమ్మా. ఇప్పుడు నేనే తెచ్చినా."