రెండో పరిశీలకుడు

ఎలుకలమ్మ రాసిన పేపర్ తిరిగొచ్చింది.

ల్యాబ్‌లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆరేళ్లుగా కింది అంతస్తు గదిలో మూడొందల ఎలుకలకు తిండి, నీళ్లు, సూదులు అన్నీ ఆమే. ముసలి ఎలుకలకు టీకా రెండో మోతాదు కాస్త ఆలస్యంగా వేస్తే రోగనిరోధక శక్తి ఎక్కువ కాలం నిలుస్తుందని కనిపెట్టింది. అది శాస్త్ర పత్రికలో అచ్చయితేనే డాక్టరేట్. గడువు ఇంకా రెండు నెలలే ఉంది. "కోడలు ఏం చేస్తోందని అడిగితే ఎలుకలు పెంచుతోందని చెప్పలేక చస్తున్నా," అని అత్తగారు ఆ వారంలోనే రెండుసార్లు అంది.

గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్‌గారికి అలాంటి బెంగలేం లేవు. ఆయన పేరు మీద నాలుగొందల పేపర్లున్నాయి. వాటిని మిగతా శాస్త్రవేత్తలు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో ఆ సంఖ్య ఆయన గది తలుపు మీద, పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ప్రతి సోమవారం చెరిపి కొత్తది రాయిస్తాడు. సంఖ్య పెరిగిన వారం అడిగినవాళ్లకల్లా సెలవు దొరుకుతుంది. పెరగని వారం ల్యాబ్ మొత్తం ఆయన కంటబడకుండా ఎలుకల గదిలో తలదాచుకుంటుంది.

అన్ని పేపర్లున్న మనిషికి చదివే తీరికెక్కడిది? ఎలుకలమ్మ తన పేపర్ చూడమని ఇస్తే, "చివర నా పేరుందిగా? పంపెయ్," అన్నాడు.

పంపింది. ఆ పత్రిక పద్ధతి వేరు. రాసిందెవరో, అచ్చుకు పనికొస్తుందో లేదో తేల్చే పరిశీలకులకు తెలియకూడదు కాబట్టి పేర్లూ, సొంత ల్యాబ్ ఆనవాళ్లూ అన్నీ చెరిపేసి పంపాలి. పరిశీలించిందెవరో రాసినవాళ్లకూ తెలియదు. ఏ పేపర్ ఎవరికి పంపాలో కూడా కంప్యూటరే తేలుస్తుంది.

మొదటి పరిశీలకుడు బాగుందన్నాడు. రెండో ఆయన నాలుగు వాక్యాలు గీకి అవతల పారేశాడు. రాసినవాళ్లకు ఈ శాస్త్రంలో ఓనమాలు కూడా రావట. కింద ఇచ్చిన పద్నాలుగు పేపర్లను ప్రస్తావించకుండా దీన్ని అచ్చు వెయ్యడానికి వీల్లేదట.

ఎలుకలమ్మ ఆ జాబితాను పై నుంచి కిందికి చదివింది. మళ్లీ కింది నుంచి పైకి చదివింది. ఆ తర్వాత కాగితాలు పట్టుకుని ప్రొఫెసర్‌గారి గదికి వెళ్లింది.

ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఏమన్నారు?"

"తిరగ్గొట్టారు సార్. పద్నాలుగు పేపర్లు మనం ప్రస్తావించలేదట."

"ఆ పద్నాలుగూ ఒక్కడివేనా?"

"ఒక్కరివే సార్."

ప్రొఫెసర్‌గారు ఫోన్ పక్కన పెట్టాడు. "నాకు తెలుసు. ఇది ఆ గళ్లచొక్కా పనే." గళ్లచొక్కా అంటే ఎదుటి విశ్వవిద్యాలయంలో ఉన్న పాత సహాధ్యాయి. సంఖ్యలో ఈయన కంటే రెండొందలు ముందున్నాడు. "సంఖ్య పెంచుకోవడానికి వాడు ఏ గడ్డయినా కరుస్తాడు."

"ఒక్కసారి ఆ జాబితా మీరు చూస్తే..."

"వాడి పేపర్ల పేర్లు నేను చదవాలా? నాకంత ఖర్మ పట్టలేదు. సంపాదకుడికి ఉత్తరం. రాసుకో."

రాసుకుంది.

ఇటువంటివాళ్లు శాస్త్రానికి పట్టిన చెద. తన పేరు పదిసార్లు కనబడాలని పిల్లల బతుకులతో ఆడుకుంటున్న ఈ పెద్దమనిషిని పరిశీలకుల జాబితా నుంచి శాశ్వతంగా తొలగించాలి. పేపర్‌ను బుద్ధున్న మరో ఇద్దరికి చూపించాలి.

"‘పెద్దమనిషి’ అనే ఉంచమంటారా సార్?"

"వద్దు. ‘దొంగ’ అని పెట్టు."

"దొంగ అంటే మరీ ఎక్కువేమో సార్."

"నీకు జాలెక్కువ. ఎలుకలతో ఉండి ఉండి అలా తయారయ్యావు."

ఎలుకలమ్మ టైపు చేసి తెచ్చింది. ఆయన యథాప్రకారం చదవకుండానే సంతకం పెట్టాడు.

"ఇంకోసారి అడుగుతున్నా సార్. నిజంగా పంపమంటారా?"

"భయమెందుకమ్మా? నా పేరు మీద వెళ్తోందిగా."

ఆమె కింది గదికి వెళ్లి బోనుల్లో తడిసిన పొట్టు తీసి కొత్తది పోసింది. బెడిసికొడితే ఆరేళ్ల చాకిరీకి నీళ్లొదులుకోవాల్సిందే. పంపకపోయినా అంతే. పొట్టు బస్తా మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఫోన్‌లోంచే పంపేసింది.

మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో సోమవారం జవాబొచ్చింది.

"మీ ఉత్తరంలోని ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాం. ‘దొంగ’ అన్నచోట మాత్రం కొంచెం మొహమాటపడ్డాం. పేపర్‌ను మరో ఇద్దరికి చూపించాం. ఇద్దరూ మెచ్చుకున్నారు. వచ్చే సంచికలో వేస్తున్నాం. మీరు కోరినట్టే ఆ పరిశీలకుణ్ణి తొలగించాం."

ప్రొఫెసర్‌గారు ల్యాబ్ మొత్తానికీ టీ తెప్పించాడు. బల్లకానుకుని నిలబడి, నిజాయితీ గురించి పావుగంట మాట్లాడాడు. అన్యాయం కళ్లెదుట కనబడితే తాను ఎంతటివాణ్ణయినా వదలనన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలుకలమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

ఆయన చెయ్యి తుడుచుకుంటూ గదిలోకి వెళ్లేసరికి అదే పత్రిక నుంచి విడిగా ఇంకో ఉత్తరం వచ్చి ఉంది: "పదకొండేళ్లుగా పరిశీలకులుగా మీరు చేసిన సేవకు కృతజ్ఞతలు, ఇక మీదట మాకు దాని అవసరం లేదు."