ఇద్దరు లక్మాలు

ఖదాన్‌లోకి ఇద్దరు దిగారు, ఒక్కడే పైకి వచ్చాడు. అయినా కంప్యూటరు పచ్చదీపం వెలిగించి ‘ఖదాన్ ఖాళీ’ అని చూపించింది.

ఆయతి మళ్ళీ చేసి చూసింది. మళ్ళీ అదే.

పరీక్ష కోసం తను కంప్యూటరులో ఎక్కించిన మనుషులే వాళ్ళు. పేర్లు మాత్రం కల్పించినవి కావు. పొద్దున తనతోపాటు బస్సు దిగిన ఖదాన్ కూలీలు, పొడుగు లక్మా, పొట్టి లక్మా. ఇద్దరిదీ భేజ్జి ఊరే. ఇద్దరి తండ్రుల పేరూ జోగే. పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిసేసరికి కంప్యూటరు ఇద్దర్నీ ఒక్క మనిషి కింద జమకట్టింది.

ఖదాన్ అంటే కిరండూల్ దాటాక వచ్చే కంకర క్వారీ. అందులో రోజూ మధ్యాహ్నం రెండింటికి రాయి పేలుస్తారు. నిన్నటిదాకా దిగేవాడు తన ఇత్తడి బిళ్ళను పలకకు తగిలించి దిగేవాడు, పైకొచ్చి తీసుకునేవాడు. పలకమీద ఒక్క బిళ్ళ మిగిలినా పేలుడు ఆగేది. ఇవాళ పొద్దున్నే ఆ పలక పీకేశారు. ఇక అంతా పచ్చదీపమే.

ఆయతి గడియారం చూసింది. రెండింటికి ఇంకా పది నిమిషాలుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడానికి ఆమెను పదిహేను రోజుల కిందట తీసుకున్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేలాలి. ఇంతకుముందు ఆరు తప్పులు పట్టింది. ఇది ఏడోది. ఒకటి రెండంటే పొరపాటు. ఇన్నిసార్లా? ఎవరో పనిగట్టుకుని చేస్తున్నారని ఆమెకు గట్టి అనుమానం.

కాగితం మీద ఏడో వరస గబగబా రాసి, శ్రీరంగం గదిలోకి పరుగెత్తింది. విశాఖపట్నం నుంచి వచ్చి ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఆయనే.

“సార్, పేలుడు ఆపించుండ్రి. ఎవరో కావాలనే తప్పులు పెడుతున్నరు.”

శ్రీరంగం కంగారు పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“కూర్చోమ్మా. పెట్టింది నేనే.”

ఆయతి కాగితం చేత్తో పట్టుకునే కుర్చీలో కూర్చుంది.

“నువ్వు సాఫ్ట్‌వేర్‌ని పరీక్షిస్తున్నావు. మరి నిన్నెవరు పరీక్షించాలి? అందుకే తెలిసి తెలిసి కొన్ని తప్పులు పెట్టి నీకిచ్చాను. నేను పెట్టినవే నీ కంటికి ఆనకపోతే, నాకు తెలియనివి నువ్వేం పడతావు?”

“మరి గేటు కాడ నడిచేది ఏంది సార్?”

“అది వేరే కాపీ. నేను పెట్టిన తప్పు ఒక్కటీ అందులో లేదు. నా పూచీ.”

ఇంతసేపూ తను భయపడింది ఈయన వేసిన ఎరకా? ఆయతికి నవ్వొచ్చింది, కాస్త ఒళ్ళూ మండింది.

ఫోను మోగింది. దీపం పచ్చగా ఉందని, కానివ్వమంటారా అని అవతల రాయి పేల్చే బ్లాస్టర్ అడుగుతున్నాడు. కానివ్వమన్నాడు శ్రీరంగం.

మొదటి హెచ్చరిక హూటర్ కూసింది. మూడోది కూస్తే పేలుడే.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. పొట్టి లక్మా ఒక్కడే బయటికొచ్చి, బీడీ వెలిగించుకుని, వెనక్కి తిరిగి ఎవరికోసమో క్వారీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయతి చెయ్యి ఊపింది. అతను చూడలేదు.

“ఏదీ నీ జాబితా? సంతకం పెట్టేస్తాను. ఉద్యోగం ఖాయం.”

ఆమె కాగితం అందించింది. శ్రీరంగం ఒక్కో వరసా వేలితో చూపిస్తూ, మెచ్చుకోలుగా తల ఆడిస్తూ చదువుతున్నాడు. రెండో హూటర్ కూసింది.

చివరి వరస మీద వేలు ఆగిపోయింది. పెదవులు కదిపి దాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి గేటు దగ్గరి ఒంటరి మనిషిని చూశాడు. చెయ్యి ఫోను కోసం తడిమింది. రిసీవరు జారి బల్ల అంచున వేలాడింది.

మూడో హూటర్ మొదలైంది.

“ఆయతీ,” అన్నాడు, “నేను పెట్టింది ఆరే.”