బీపీ దిగే ఆదివారం

"నూటా తొంభై రెండు," అంది లచ్చమ్మ, గోపయ్య జబ్బకు చుట్టిన బీపీ మిషను పట్టీ విప్పుతూ. "సారమ్మ ఇంకా రాకపాయె!"

"చర్చి ఇడిసినంక బస్సు దొరకాలె గద," అన్నాడు గోపయ్య. "పాపం, ఎన్ని దినాలు గిట్ల తిప్పుకుంటమే ఆమెను?"

"నువ్వు నోర్మూసుకొని పండుకో."

గోపయ్యకు కొత్త కిడ్నీ పెట్టి ఐదు నెలలు. గుప్పెడు గోలీలు మింగినా ప్రెషరు దిగదు. ఇట్లాగే ఉంటే పెట్టిన కిడ్నీ కూడా పోతుందని డాక్టరు పట్టాభి మొహం మీదే చెప్పాడు.

"కిడ్నీ పని వడపోత ఒక్కటే కాదమ్మా. దాని లోపల ఒక రకం కొవ్వు పుట్టి రక్తంలో కలుస్తుందట. అది రక్తనాళాలను వదులు చేసి ప్రెషరు దించుతుందంటారు. మీవారికి పెట్టిన కిడ్నీ ఎందుకో ఆ పని చేస్తున్నట్టు లేదు," అన్నాడు.

ఎందుకు చేయదు, చేస్తుంది. వారానికి ఒక్కసారి, సారమ్మ వచ్చినప్పుడు!

సైదాబాద్ సారమ్మ కొడుకు స్టీవెన్ బండి మీద నుంచి పడి చనిపోయాడు. అవయవాలు దానం చేసింది. ఎవరివి ఎవరికి పెట్టారో దవాఖానవాళ్లు చస్తే చెప్పరు. అదే రోజు, అదే దవాఖానలో ఆపరేషన్ అయిన గోపయ్యను ఆరా తీసి, ఎల్బీనగర్ గల్లీలన్నీ తిరిగి పట్టుకుంది ఆ తల్లి.

తలుపు చప్పుడైంది. సారమ్మ చెప్పులు విడిచి, నేరుగా వచ్చి గోపయ్య పొత్తికడుపు మీద చెయ్యి పెట్టింది.

"స్టీవీ, అమ్మ ఒచ్చిన బిడ్డా. లేటయిందని అలిగినవా?"

గోపయ్య మెడ మీద ఉబ్బిన నరాలు చూస్తుండగానే అణిగాయి. లచ్చమ్మ మళ్లీ పట్టీ చుట్టింది. నూటా ఇరవై ఆరు. ఇన్ని వారాలుగా చూస్తున్నా నమ్మలేక ఆ అంకె రెండోసారి చదువుకుంది.

"గిదే ఆఖరు లచ్చమ్మా," అంది సారమ్మ. "నా బిడ్డ సాధన కోపం చేస్తది. ఎవలింట్లనో కూసొని ఏడుస్తవు, గాయన కడుపుల ఉన్నది తమ్ముడేనని ఎవలు చూసిండ్రంటది. నాకు గూడ అనుమానం వడ్డది."

లచ్చమ్మ సారమ్మ చెయ్యి పట్టుకుంది. "అట్లనకక్కా! నువ్వు రాకుంటే ఈయన నాకు దక్కడు."

"అయితే మీ ఆయన తల మీద చెయ్యి పెట్టి చెప్పు. లోపల ఉన్నది నా కొడుకేనా?"

"ఒట్లు గిట్లు ఎందుకు, వద్దే లచ్చమ్మా," అన్నాడు గోపయ్య.

మొగుడి తల మీద ఒట్టంటే మాటలా! తేడా వస్తే ఆ తలకే ముప్పంటారు. లచ్చమ్మ చెయ్యి గాలిలో ఆగింది. మిషను వైపు చూసింది. ఇంకా నూటా ఇరవై ఆరే. కళ్లు గట్టిగా మూసుకొని, చెయ్యి గోపయ్య తల మీద పెట్టింది.

"నీ కొడుకే అక్కా."

సారమ్మ బావురుమంది. కొంగుతో మొహం తుడుచుకొని, వచ్చే ఆదివారం పెందలాడే వస్తానని చెప్పి మెట్లు దిగింది.

ఆ కిడ్నీ లచ్చమ్మది.