సాదలిలో సముద్రం

నేత్ర సాదలిలో బస్సు దిగింది. పడమటి తీరం నుంచి రాత్రంతా బస్సులో కూర్చునే వచ్చింది. తెల్లవారి బెంగళూరులో చిక్కబళ్ళాపుర రైలు పట్టుకుని, అక్కడ మళ్లీ బస్సెక్కింది. ఫోను దారిలోనే ఆరిపోయింది.

రేపే సభ. ఆమె పనిచేసే జాలర్ల పల్లెకు అడ్డంగా మడ అడవి ఒకటుంది. దాన్ని కొట్టేసి పడవల రేవు కట్టడానికి తీర మండలి రేపు ఒప్పుకుంటే, ఆ పల్లెకూ సముద్రానికీ మధ్య ఇంకేమీ మిగలదు. పోయిన తుఫానుకే నీళ్లు గడపల దాకా వచ్చాయి.

సముద్రం వేడెక్కుతోందని, తుఫాన్లు ముదురుతున్నాయని, నీళ్లు ఏటేటా పైకి లేస్తున్నాయని నేత్ర బెంగళూరు ఆఫీసులో గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. మండలి అధ్యక్షుడు లక్ష్మణప్ప ఫోనులోంచి తల ఎత్తలేదు. రెండో బొమ్మకే “సరేమ్మా, రిపోర్టు ఇచ్చిపో” అన్నాడు.

నిన్న సాయంత్రం ఆఫీసుకు ఫోను చేస్తే, సారు ఊరికి పోయినారని ఎవరో ముక్తసరిగా చెప్పి పెట్టేశారు. ఊరంటే సాదలి. నేత్రది ఆ పక్కనే గూళూరు. ఆఫీసు కన్నడంలో, కాన్ఫరెన్సు ఇంగ్లీషులో ఎక్కని మాట ఇంటి తెలుగులో ఎక్కుతుందేమో. ఆ ఒక్క ఆశతో బయలుదేరింది.

లక్ష్మణప్ప ఇంటి గేటు బయట కారు లేదు. తలుపు ఆయనే తీశాడు. లుంగీ, భుజాన తువ్వాలు.

“ఎవురమ్మా నువ్వు?”

“నేత్ర, సార్. సముద్రం గురించి చెప్పేదానికి ఆఫీసుకొచ్చింటిని. మాది గూళూరు.”

“గూళూరా!” లక్ష్మణప్ప నవ్వాడు. “బోరేస్తే దుమ్ము లేసే ఊర్లో పుట్టి సముద్రం చదివినావా?”

“మీరు సాదలిలో పుట్టి తీర మండలికి అధ్యక్షులు కాలేదా అప్పా?”

మాట జారాక నేత్ర నాలుక కరుచుకుంది. లక్ష్మణప్ప మాత్రం కోపం తెచ్చుకోలేదు. తల పంకించి, “అదీ నిజమేలే. రా, కూర్చో. నిదానంగా చెప్పు” అన్నాడు.

ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ కాఫీ తెచ్చిపెట్టింది. “బాగా వినిపించమ్మా. ఇన్నేండ్లకు నోరు మూసుకొని ఒకరి మాట వింటాండాడు.”

నేత్ర చెప్పింది. చెప్పిందే మళ్లీ చెప్పింది. లక్ష్మణప్ప వింటున్నాడు, కానీ గోడకు చెప్పినా ఒకటే అన్నట్టుంది.

“అంత పెద్ద సముద్రం ఒక డిగ్రీ వేడెక్కిందని ఇంత ఏడుస్తావేమ్మా? ఈడ మేము మండే ఎండలో చెనిక్కాయలు పీకుతాము. మాకేమయింది?”

“ఆ పల్లెలో పసిపిల్లోల్లు ఉండారప్పా” అంది నేత్ర.

అంతలో పెరట్లోని పట్టుపురుగుల ఇంట్లోంచి వెంకటలక్ష్మమ్మ కేకేసింది. “ఎండెక్కింది, గోనెపట్టలు తడపల్ల. వస్తావా, రావా?”

లక్ష్మణప్ప లేచాడు. వదిలితే మళ్లీ దొరకడేమోనని నేత్ర కూడా వెంటపడింది. గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లారు. మల్బరీ ఆకు మీద వేలంత లావు పట్టుపురుగులు, సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ మేస్తున్నాయి. లక్ష్మణప్ప చెంబుతో కిటికీలకు కట్టిన గోనెపట్టల మీద నీళ్లు కొట్టసాగాడు.

“ఎందుకప్పా తడిపేది?”

“తడపకుంటే లోపల రెండు మూడు డిగ్రీలు ఎక్కువయితాది. ఈ ఈడు పురుగు తట్టుకోదు. మేత ముట్టదు. ముట్టినా గూడు కట్టదు.”

“రెండు మూడు డిగ్రీలకేనా? మీరు ఆ ఎండలోనే చెనిక్కాయలు పీకుతారు కదప్పా. మీకేమీ కాలేదే?”

చెంబు గాల్లోనే ఆగిపోయింది.

లక్ష్మణప్ప పురుగుల వైపు చూశాడు. నేత్ర వైపు చూశాడు. “చేపలూ ఇంతేనా?”

“ఇంతేనప్పా. ఈదగలిగినవి చల్లని నీళ్లు వెతుక్కుంటా పోతాయి. పోలేనివి చస్తాయి. ఆ వేడినే తాగి గాలి తుఫానయితాది. అలకు అడ్డం ఉండేది ఆ చెట్లొక్కటే.”

“అంటే ఆ చెట్లు కొట్టేది, మిట్టమధ్యాన్నం నేను ఈ పట్టలు పీకేసినట్టా?”

“పీకి చూడు, చెప్తా!” అంది ఆ మూలనుంచి వెంకటలక్ష్మమ్మ.

లక్ష్మణప్ప నవ్వలేదు. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. అల ఎంత ఎత్తు వస్తాది, ఇండ్లు యాడుండాయి, రేవు ఇంకో పక్క కట్టకూడదా. మధ్యలో ఒక్క ఫోనూ రాలేదు, ఒక్క మనిషీ పిలవలేదు. పొద్దు వాలేసరికి మొత్తం కథ ఆయనే తిరిగి చెప్పాడు. ఒక్క ముక్క తప్పు పోలేదు. నేత్ర ఇన్నేళ్లుగా చెప్పలేనంత సూటిగా చెప్పాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు జోడించింది.

“ఈ మాటలే రేపు సభలో చెప్పండప్పా. ఇంకేమీ వద్దు.”

లక్ష్మణప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“నేనెట్ల చెప్పేదమ్మా, నిన్ననే నన్ను ఆ కుర్చీలోంచి దించేసినారు, లేకుంటే ఇంతసేపు కూర్చుని నీ మాట వినేదానికి నాకు తీరిక యాడుంటాది?”