వెనక సీటు

"పంపేస్తున్నా మామయ్యా," అంది కోడలు, ఫోన్ మీద వేలు పెట్టి.

సీట్లు కుట్టే మేస్త్రీ తలెత్తలేదు. ఒళ్లో ఉన్న మోటార్‌సైకిల్ సీటుకి దారం లాగి బిగిస్తున్నాడు. ఆయన దుకాణంలో కుర్చీ అనేది ఎప్పుడూ లేదు. పనికి వచ్చిన సీట్లలో ఏది దగ్గరుంటే దానిమీద నేలదాకా జారే పాత దుప్పటి పరుచుకుని కూర్చోవడమే. "మీరు ఎక్కని బండి లేదు మామయ్యా, ఒక్కటీ కదల్లేదంతే," అని కోడలు ఎప్పుడూ ఆటపట్టిస్తుంది.

"ఎవరికి పంపడం?"

"చెప్పాగా, ఆ పాత కారాయనకి. ఆన్‌లైన్ వేలం ఇంకో పావుగంటలో అయిపోతుంది. నిన్న ఆయనే నాకు ఫోన్ చేశాడు. వేలం చివరిదాకా పోతే రేటు పైకి లేస్తుందట. ఇప్పుడే నేరుగా తన ఖాతాలో వేస్తే, బండిని వేలంలోంచి తీసేసి నాకిస్తాడట."

"వేలం పెట్టినవాడే వేలం వద్దంటున్నాడా?"

"నేను టాక్సీ నడుపుతానంటే జాలిపడ్డాడు."

"అమ్మేవాడికి జాలి. బాగుంది."

కోడలు మొహం ముడుచుకుంది. తొమ్మిదేళ్లు నడిపిన టాక్సీని ఆ పొద్దున్నే అమ్మేసి వచ్చింది. ఆ డబ్బుతో పాతకాలం కారు కొని పెళ్లిళ్లకి అద్దెకి తిప్పాలని ఆమె పట్టుదల. ఇది పోయిందంటే రేపు పట్టుకోవడానికి స్టీరింగు కూడా ఉండదు. అది తెలుసు కాబట్టే వేలు ఫోన్ మీద ఆనింది గానీ ఇంకా నొక్కలేదు.

"మీరే చూడండి," అని ఫోటోలు ఆయన ముందు పెట్టింది. "ఎలా మెరుస్తోందో. లోపల ముదురెరుపు తోలు సీట్లు. వెనక సీటుకి ఏడు గుండీలు. మూడోది మాత్రం నల్లది. అంతకు మించి వంక పెట్టడానికి లేదు."

మేస్త్రీ నుదుటి మీది కళ్లజోడు కిందకి దించాడు. ఆ ఫోటోని చాలాసేపు చూశాడు. నంబరు ప్లేటు కనపడే ఫోటో కూడా అడిగి చూశాడు. తర్వాత సూదిని చొక్కా జేబుకి గుచ్చుకున్నాడు.

"వాడితో నన్నోసారి మాట్లాడనివ్వు."

"ఇంజిన్ సంగతైతే నేనే అడిగేశాను. మీకు సీట్లు తప్ప ఏం తెలుసు మామయ్యా?"

"సీట్ల గురించే అడుగుతాలే."

కోడలు విసుక్కుంటూనే నంబరు కలిపి స్పీకర్ పెట్టింది.

"పంపారా మేడమ్?" అంది అవతలి గొంతు.

"ఒక్క నిమిషం. మా మామగారు మాట్లాడతారట."

"బాబూ, ఈ ఫోటోలు ఎప్పటివి?" అన్నాడు మేస్త్రీ.

"ఇవాళ పొద్దున తీసినవే పెద్దాయనా. బండి నా ముందే ఉంది. దానిమీద చెయ్యేసి మాట్లాడుతున్నా."

"అయితే వీడియోలో ఓసారి చూపించు."

"షెడ్డు లోపల సిగ్నల్ రాదండీ."

"మాట వస్తోందిగా."

"మాట వస్తుందండీ, బొమ్మ రాదు."

"పోనీలే. వెనక సీటు ఎలా ఉంది?"

అవతల నవ్వు వినిపించింది. "అందరూ ఇంజిన్ అడుగుతారు, కాగితాలు అడుగుతారు. సీటు ఎవరడుగుతారండీ?"

"నడుం నొప్పి ఉన్నవాడు అడుగుతాడు. రేపు ఆ వెనక కూర్చునేది నేనే. కాస్త ఎక్కి కూర్చుని చెప్పు బాబూ, స్ప్రింగు గుచ్చుకుంటోందేమో."

ఫోన్లో ఏదో తలుపు దబ్బున పడిన చప్పుడైంది. విన్నారా అన్నట్టు కోడలు కళ్లెగరేసింది.

"కూర్చున్నానండీ."

"పక్కకా, మధ్యలోనా?"

"మధ్యలో."

"ఆ నల్ల గుండీ ఊగుతోందా?"

"పట్టుకునే ఉన్నా. ఉక్కులా ఉంది."

"ఒకసారి ఎగిరి చూడు."

ఫోన్లోంచి రెండుసార్లు ఉస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "పరుపండీ, పరుపు. బండి తయారైననాటి సీటు, ఇంతవరకు ఊడదీసిన పాపాన పోలేదు. పెద్దాయనా, ఎనిమిది నిమిషాలే ఉంది. ఇంకో పార్టీ లైన్లో ఉంది, త్వరగా తేల్చండి."

"పాపం, ఎగిరి కూడా చూశాడు. ఇంకేం కావాలి మామయ్యా?" అని కోడలు గొంతు తగ్గించి అంది. వేలు మళ్లీ ముందుకి వెళ్లింది.

"ఉండమ్మా."

మేస్త్రీ మోటార్‌సైకిల్ సీటు పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. తన కిందున్న దుప్పటిని ఒక మూల పట్టుకుని లాగేశాడు.

ముదురెరుపు తోలు. ఏడు గుండీలు. మూడోది నల్లది.

సీటు అంచుకి ఒక చీటీ గుచ్చి ఉంది. ఆ సీటుని పనికి ఇచ్చినాయన తన చేత్తో రాసిచ్చిన చీటీ అది. కారు నంబరు, ఫోన్ నంబరు, వాటి కింద ఒక ముక్క: 'అమ్మకానికి పెట్టిన బండి. గుండీ మార్చి త్వరగా ఇవ్వాలి.'

కోడలు చీటీలో కారు నంబరు చదివింది. ఫోటోలో నంబరు ప్లేటు చూసింది. మళ్లీ చీటీ చదివింది. కారు నంబరు అదే, ఫోన్ నంబరు మాత్రం ఇప్పుడు మాట్లాడుతున్నవాడిది కాదు. అప్పుడు ఫోన్ మీంచి వేలు తీసి, ఆ చీటీని జాగ్రత్తగా ఊడదీసి, కొత్త బండి తాళం చేతికొచ్చినట్టు గుప్పిట్లో పెట్టుకుంది.

"హలో, పెద్దాయనా, ఉన్నారా?" అంటోంది ఫోను.

"ఉన్నా నాయనా," అన్నాడు మేస్త్రీ, మళ్లీ తీరిగ్గా కూర్చుంటూ. "ఆ సీటు మీద ఎగురుతున్నది నువ్వయితే, మరి సోమవారం నుంచీ నేను కూర్చున్నది దేనిమీద?"