జారవిడిచిన చేతులు

"ముందు బొటనవేలు. తర్వాతే మిగతావి," అంటూ నాయనమ్మ మనవరాలి ఎడమ పిడికిలిని మెల్లగా విప్పింది. బిగుసుకున్న ఆ చేతికి ముందు గౌను తొడిగి, తర్వాత బాగున్న చేతికి తొడిగింది. పిల్లకి ఎనిమిదేళ్ళు. ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. రెండు వారాలకోసారి మూర్ఛ వస్తుంది.

ఆ ఆసుపత్రికి వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. "పసితనంలో తలకి దెబ్బ తగిలిందట కదా. ఎలా?" అని అడిగింది.

"ఈవిడగారి చేతుల్లోంచి జారిపడిందండీ," అంది కోడలు, అత్తగారి వైపు చూడకుండానే. "అప్పటికి దానికి నాలుగో నెల. నేను ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. లేచేసరికి బిడ్డ ఆసుపత్రిలో ఉంది."

"అవును, నా చేతులే," అంది అత్తగారు. ఎనిమిదేళ్ళుగా ఎవరడిగినా అదే మాట. ఆవిడ కంట్లో చుక్క నీరు లేదు. ఇదేం మనిషిరా బాబూ అనుకుంది డాక్టరమ్మ.

"చేసిందంతా చేసి, మళ్ళీ నా మీద పెత్తనం! పొయ్యి దగ్గరికి పోనివ్వదు. పిల్లని ఎత్తుకుని మెట్లు దిగనివ్వదు. ఆఖరికి స్నానానికి వెళ్ళినా గడియ పెట్టుకోవద్దంటుంది. కన్నతల్లిని నేనా, ఈవిడా?"

"నాయనమ్మని తిట్టకమ్మా," అంది పిల్ల. మాట ముద్దముద్దగా వచ్చింది.

గోడ గడియారం తొమ్మిది కొట్టింది. అత్తగారు ఒళ్ళోని సంచిలో చెయ్యి పెట్టి, సగం మాత్ర తీసి పిల్ల నోట్లో వేసింది. మళ్ళీ తడిమి, కోడలి చేతిలో ఒకటి పెట్టింది. "నీ తలనొప్పిది. వేసుకో."

"దీనికి మాత్రం లోటు రానివ్వదు," అని విసుక్కుంటూనే కోడలు మింగింది. "రేపటితో నాకీ బాధ తప్పుతుంది లెండి. ఈవిడని మా ఆడపడుచు ఇంటికి పంపించేస్తున్నాను. ఇక నా బిడ్డని నేనే ఎత్తుకుంటాను, నేనే నీళ్ళు పోస్తాను. అడ్డొచ్చేవాళ్ళెవరూ ఉండరు."

అత్తగారి మొహం పాలిపోయింది.

కోడలు ఆటో పిలవడానికి వెళ్ళింది. బరువు చూడాలని నర్సు పిల్లని పక్కగదిలోకి నడిపించుకెళ్ళింది. అత్తగారు గబుక్కున లేచి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. సంచి జారి కింద పడినా చూసుకోలేదు.

"మీరు చెబితే నా కోడలు వింటుంది. నన్ను పంపించొద్దని, పిల్లతో ఒంటరిగా ఉండొద్దని చెప్పండమ్మా. మీకు పుణ్యముంటుంది!"

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. "బాగుందండీ! జారవిడిచింది మీరు, నమ్మకం లేనిది ఆవిడ మీదా?"

అంటూనే సంచి అందివ్వడానికి వంగింది. లోపల తలనొప్పి మాత్రలేవీ లేవు. ఉన్నది ఒక్కటే అట్ట, మూర్ఛ మాత్రలది.

"రెండూ ఇందులోంచే తీశారా?"

అత్తగారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. ఇన్నేళ్ళూ రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

"ఈ మాట మీ గడప దాటకూడదు. తెలిస్తే అది బతకదమ్మా."

"ఏం తెలిస్తే?"

"ఆ రోజు పిల్లని ఎత్తుకుని మూర్ఛొచ్చి పడిపోయింది నా కోడలే."